ఉద్యోగం విడిచి ఊర్లు తిరుక్కుంట పని చేస్త అంటే, "మళ్ల వలసేనా" అన్నడు మా నాయిన

మక్తల్ పిలగాడు:

అందరికీ నమస్తే. మాది మక్తల్ దగ్గర పల్లె. నాకు 31. హైదరాబాద్‌ల సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పని, ఒకే కంపెనీల ఎనిమిదేండ్ల నాలుగు నెలలైంది. చేతికి 78 వేలు వస్తది. పెండ్లి కాలే. చెల్లె పెండ్లికి చేసిన అప్పు పోయిన ఏడు తీరింది. బ్యాంకుల తొమ్మిది లక్షలున్నయి.

కరోనా టైంల ఏడాదిన్నర మా ఊర్లనే ఉండి పని చేసిన. మిద్దె మీద చింతచెట్టు నీడ పడే దిక్కు కుర్చీ ఏసుకొని. పనేం తగ్గలే, ఆ ఏడే ప్రమోషన్ గూడ వచ్చింది. ఇప్పుడేమో వారానికి ఐదు రోజులు ఆఫీసుకే రమ్మంటున్రు. ఎల్బీనగర్ నుంచి గచ్చిబౌలికి పోను గంటన్నర, రాను గంటన్నర. ఆడికి పోయి చేసేది కూడ బెంగళూరుల ఉన్నోళ్లతోని ఫోన్ల మాట్లాడుడే.

జడ్చర్ల కాడ 44వ నంబరు హైవే మీద నిలబడితే, ఇటు పోతే కన్యాకుమారి, అటు పోతే శ్రీనగర్. సదువుకునే కాలం నుంచి ఆ రోడ్డు దాటుతనే ఉన్న. కర్నూలు అవతలికి ఒక్కసారి పోలే. నెలకో ఊర్ల ఉండుకుంట పని చేసుకుందామని రెండేండ్ల సంది మనసుల ఉన్నది.

పోయిన ఆదివారం ఇంట్ల చెప్పిన. మా నాయిన ఇరవై ఏండ్లు గుంపు మేస్త్రీ (కూలోళ్లను గుంపుగ పనికి తీసుకపోయేటోడు) ఎంబడి పోయిండు. అడ్వాన్సు తీసుకొనుడు, కాలువలు తవ్వనీకె, డ్యాములు కట్టనీకె పోవుడు. నేను పుట్టిన దినం ఆయన ఊర్ల లేడు. నా మాట ఇని శానసేపు ఏం అనలే. లేసి అటక మీది రేకు పెట్టె దించి నా ముందల పెట్టి మూత తీసిండు. మూత లోపటి దిక్కు మేకుతోని గీసిన గీతలున్నయి, నెలకొక గీత. అన్నేండ్లు ఆ పెట్టె ఇంట్లనే ఉన్నది, నేను ఎన్నడు చూడలే. "నేనిది పట్టుకొని తిరిగింది నువ్వు ఒక్క తావుల కూసొని తినాలె అని. మళ్ల వలసేనా?" అన్నడు. నాకు జవాబు రాలే.

సరదాకు అడుగుతలేను. ఇట్ల బతుకుతున్నోళ్లు ఎవరన్న ఉంటే నిజం చెప్పున్రి. పైసల సంగతి, అమ్మానాయినల సంగతి, నెట్టు సంగతి.

దేవరకొండ అక్క:

తమ్ముడూ, మాది దేవరకొండ. హైదరాబాద్‌ల పదేండ్లు ఆఫీసు ఉద్యోగం చేసి 2022ల మానేసిన. వెబ్‌సైట్లు డిజైన్ చేస్త. అప్పటిసంది ఏడాదిల ఏడెనిమిది నెలలు బయట ఊర్లల్ల, మిగతా కాలం ఇంట్ల.

ముందుగాల మీ నాయిన మాట. ఆయన అడిగిందాంట్ల తప్పు లేదు. అడ్వాన్సు తీరేదాంక మేస్త్రీ ఇడవడు, నడుమల ఇంటికి రావాలన్నా రానియ్యడు. నీకు ఆ గతి రావద్దంటే రాజీనామా కంటే ముందు పని చేతుల ఉండాలె. నేను ఉల్టా చేసిన. ముందు ఉద్యోగం మానేసి, తర్వాత పని ఎతుక్కున్న. మొదటి ఐదు నెలలు దాచుకున్న పైసలే తిన్న. ఆఫీసు ఇడవకముందే శని, ఆదివారాలు బయటి పని పట్టుకో. కాకపోతే నీ కంపెనీ ఒప్పంద పత్రంల బయటి పని చేయొద్దని ఉన్నదా చూసుకో. కనీసం ఇద్దరు, ఆరు నెలలు వరుసగా టైముకు పైసలిచ్చినోళ్లు ఉంటేనే కాగితం పెట్టు.

ఇగ నెట్టు. హిమాచల్‌ల బీర్ అనే ఊరుంది, పారాగ్లైడింగ్‌కు పేరు. నేను జూలైల పోయిన. వానకాలమని గది కిరాయి సగానికి తగ్గిస్తే సంబరపడి నెల కిరాయి ముందే కట్టిన. రెండో వారంల మూడు దినాలు ఇడవకుండ వాన. కరెంటు పోయింది, రూటర్ బందు, ఫోన్‌కు ఒక గీత సిగ్నల్. పుణె క్లయింటుకు సోమవారం పొద్దుగాల పదింటికి ఫైలు పంపాలె. ల్యాప్‌టాప్‌ను చున్నీల చుట్టుకొని, దాని మీద ప్లాస్టిక్ కవరు కప్పి, గొడుగు పట్టుకొని బస్టాండు కాడి చాయ్ హోటల్ దాంక నడిచిన. బ్యాటరీ 11 శాతం. ఫైలు 62 కాడ ఆగింది. అది కదులుతదేమోనని చూసుకుంట కూసున్న, స్క్రీన్ నల్లగయ్యేదాంక. రెండు దినాలు చూసి ఆయన పని ఇంకొకరికి ఇచ్చిండు. నా సంపాదనల సగం ఆ ఒక్క మనిషి దగ్గరికెళ్లే వచ్చేది. ఆ రాత్రి అమ్మకు ఫోన్ చేసి బాగనే ఉన్న అని చెప్పిన, ఫోన్ పెట్టేసి ఏడ్చిన.

గప్పటిసంది గది బుక్ చేసే ముందు ఓనరును ఆ గదిల కూసొని నెట్ స్పీడు పెట్టి ఫొటో పంపమంట. హాల్ల కాదు, గదిలనే. శుక్రవారం రాత్రి బయల్దేరి శనివారం పగటీలి చేరుత, ఆదివారమంత అన్నీ పనిచేస్తున్నయా చూసుకుంట. చీకటి పడ్డంక కొత్త ఊర్ల దిగను, ఇది ఆడమనిషిగా నేను పెట్టుకున్న కట్టుబాటు. రెండు కంపెనీల సిమ్ములు, రూటర్‌కు పెట్టే చిన్న యూపీఎస్ సంచిల ఉంటయి. కాశ్మీరుకు పోవాలనుకుంటే ఒకటి యాది పెట్టుకో, బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్ము ఆడ పనిచేయదు, పోస్ట్‌పెయిడ్ కావాలె. అరుణాచల్, నాగాలాండ్‌కు ఇన్నర్ లైన్ పర్మిట్, అంటే ఆ రాష్ట్రంలకు పోనీకె సర్కారు అనుమతి, తీసుకోవాలె. జూలై, ఆగస్టుల కొండల దిక్కు పోనే పోకు. 2023ల హిమాచల్‌ల వరదలకు రోడ్లు, వంతెనలు కొట్టుకపోయినయి.

ఖర్చు అడిగినవ్. ఒక ఊర్ల నెల తక్కువ ఉండను. వారానికో ఊరు మారినప్పుడు నెలకు 50 వేలు దాటింది, పని గూడ చెడింది. నెలంత ఒక్క కాడ ఉంటే, వంట నేనే చేసుకుంటే, 28 నుంచి 32 వేలల్ల ఎల్లుతది. గోకర్ణ, వర్కల, హంపి అవతలి ఒడ్డు ఆనెగొంది, ఇవన్నీ అట్లనే గడిచినయి. పెనం, రెండు కిలోల జొన్నపిండి నా సంచిల ఎప్పుడూ ఉంటయి. వర్కలల ఓనరమ్మకు రొట్టె కొట్టుడు నేర్పిన. ఆమె పొయ్యి కాడ కూసొని చేతులతోని చప్పుడు చేసుకుంట కొడుతుంటే మా అమ్మ వంటింట్ల ఉన్నట్టే అనిపించింది.

బతుకమ్మకు, సంక్రాంతికి, నడి ఎండకాలంల ఇంట్లనే ఉంట. దేవరకొండల నా గది నాకున్నది. అది ఉన్నదనే ధైర్యంతోనే తిరుగుతున్న.

నల్లగొండ లెక్కలు:

అక్క మిగతావన్నీ చెప్పింది, నేను కాగితాల గురించి మాత్రం చెప్తా. అకౌంట్స్ పని చేస్తాను.

ఐదేళ్లు దాటింది కాబట్టి గ్రాట్యుటీ, అంటే మానేసేటప్పుడు కంపెనీ ఇచ్చే డబ్బు, నీ హక్కు. చివరి బేసిక్‌ను 15తో హెచ్చించి 26తో భాగించి, దాన్ని ఎనిమిదితో హెచ్చించు. బేసిక్ 40 వేలనుకుంటే సుమారు 1,84,600 వస్తుంది. పీఎఫ్ మాత్రం తీయకు. అందులో పెన్షన్ భాగం ఉంటే, దానికి పదేళ్ల సర్వీసు కావాలి, నీకు ఇంకా రెండేళ్లు కూడా మిగల్లేదు. పెన్షన్ డబ్బు వెనక్కి తీసుకుంటే ఆ ఎనిమిదేళ్ల లెక్క పోతుంది. దాని బదులు ఆ సర్వీసును రాసిచ్చే స్కీం సర్టిఫికెట్ తీసుకుంటే రేపు ఎక్కడ చేరినా ఆ సర్వీసు కలుస్తుంది.

అన్నిటికంటే ముఖ్యం ఇన్సూరెన్స్. కంపెనీ పాలసీలో అమ్మానాన్నలు ఉంటే, నువ్వు మానేసిన రోజుతో అది ఆగిపోతుంది. బీపీ, షుగర్ లాంటి ముందే ఉన్న జబ్బులకు కొత్త పాలసీలో మూడేళ్ల దాకా వెయిటింగ్ ఉండొచ్చు. అందుకే రాజీనామాకు ముందే అదే ఇన్సూరెన్స్ కంపెనీలో సొంత పాలసీకి మార్చుకునే వీలు అడుగు. ఊళ్లో వాళ్లకు రేషన్ కార్డు ఉంటే ఆరోగ్యశ్రీ 10 లక్షల వరకు ఉంది, అది నీ ఉద్యోగంతో సంబంధం లేనిది.

ఫ్రీలాన్స్ అయితే ప్రొఫెషనల్ ఫీజు మీద 10 శాతం టీడీఎస్ (ముందే కోసే పన్ను) పట్టుకొని మిగతాది ఇస్తారు. చేతికొచ్చిందంతా నీదనుకోకు, అడ్వాన్స్ టాక్స్‌కు వేరే ఖాతాలో పక్కన పెట్టు. ఏడాదికి 20 లక్షలు దాటేదాకా జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు.

నారాయణపేట సార్:

బాబూ, నేను రిటైరైన టీచర్‌ను. 1980ల్లో మీ దిక్కు పల్లెల్లోనే పనిచేశాను. సంక్రాంతి దాటిందంటే మూడో తరగతిలో సగం మంది కనిపించేవాళ్లు కాదు. తల్లిదండ్రుల వెంట డ్యాముల కాడికి పోయేవాళ్లు. హాజరు పట్టీలో వాళ్ల పేర్ల ఎదురుగా వరుసగా "గై" అని రాస్తూ పోయేవాణ్ణి. జూన్‌లో తిరిగొచ్చిన పిల్లలకు అక్షరాలు మళ్లీ మొదటి నుంచి. కొందరు రానే రాలేదు. ఆ పేర్లు కొట్టేయాల్సి వచ్చినప్పుడు చెయ్యి ఆడేది కాదు. మీ నాయిన నిన్ను ఆ పట్టీలో గైర్హాజరు కానియ్యలేదు, ఆయన పడ్డ కష్టం అది. పెట్టె తెచ్చి చూపించింది నిన్ను ఆపడానికేనని నేననుకోను.

ఆయన కట్టిన డ్యాములు ఏవేవో అడిగావా? మొదటి ప్రయాణం అక్కడికి పెట్టుకో. ఆయన్ను వెంట తీసుకొనిపో.

మక్తల్ పిలగాడు:

సార్, మీ మాట చదివి నిన్న రాత్రి నాయినకు ఫోన్ చేసిన. అన్నిట్ల ఎక్కువ దినాలు కర్ణాటకల కృష్ణ మీది ఆలమట్టి డ్యాముల పని చేసిండంట, నాలుగేండ్లు. "గేట్లు పెట్టకముందే మమ్మల్ని వేరే పని మీదికి తోలిన్రు. నీళ్లు నిండినంక ఎట్లుందో చూడలే" అన్నడు. అది మా ఇంటి నుంచి ఒక్క పూట ప్రయాణం. మా ఊరి పక్క నుంచి పోయే కృష్ణ నీళ్లు ఆ గేట్లు దాటి వచ్చేయే. ఇన్నేండ్లల్ల నేను అడగలే, ఆయన చెప్పలే. సెప్టెంబర్‌ల డ్యాము నిండి ఉంటది, అప్పుడు తీసుకపోత అన్న. "పని చెడగొట్టుకోకు" అన్నడు, వద్దనలే.

రాజీనామా పెట్టలే అక్కా. మూడు నెలలు బయటికెళ్లి పని చేయనీకె మేనేజర్‌ను అడిగిన, వచ్చే వారం చెప్త అన్నడు. ఒప్పుకుంటే మొదటి నెల ఆలమట్టి దగ్గరనే గది చూసుకుంటం, నాయిన నేను. ఒప్పుకోకుంటే నువ్వు చెప్పినట్టు శని, ఆదివారాల పని మొదలుపెడత. ఇన్సూరెన్స్ కాగితాలు ఇయ్యాల్నే అడిగిన.

అక్కా, రూటర్‌కు పెట్టే ఆ చిన్న యూపీఎస్ కరెంటు పోయినంక ఎన్ని గంటలు ఆగుతది?