మార్షల్ నే విచారణ: 12వ అధికరణం ఆయనకు ఎందుకు రక్షణ కాలేదు?

నెపోలియన్ సేనాని మిషెల్ నే జీవితాన్ని కొంతకాలంగా శ్రద్ధగా చదువుతున్నాను. పీపాలు చేసే పనివాడి ఇంట 1769లో పుట్టి, 1804లో మార్షల్ హోదా పొంది, 1812లో రష్యా నుండి వెనుదిరిగిన సైన్యానికి వెనుక కాపుగా నిలిచి పోరాడిన ఆ మనిషిని, 1815 డిసెంబరు 7న పారిస్‌లో సాటి ఫ్రెంచి సైనికులే కాల్చి చంపవలసి రావడం నన్ను ఎంతో కలచివేసింది.

రాజు పద్దెనిమిదవ లూయీ కొలువులో ఉంటూ, తిరిగి వచ్చిన నెపోలియన్‌తో చేరినందుకు ఆయనపై రాజద్రోహం మోపి విచారించారు. నా సందేహం ఆ విచారణ గురించి. నెపోలియన్ ఓడిపోయిన వాటర్లూ యుద్ధం తరువాత, 1815 జూలై 3న పారిస్‌ను బ్రిటిష్, ప్రష్యా సైన్యాలకు అప్పగిస్తూ కుదిరిన ఒప్పందంలోని 12వ అధికరణం, నగరంలో ఉన్నవారిని వారి పదవుల విషయంలోగానీ రాజకీయ ప్రవర్తన విషయంలోగానీ వేధించరాదని చెబుతోంది. నే తరఫు న్యాయవాదులు దీనినే ఆశ్రయించారు. అయితే బ్రిటిష్ సేనాని వెల్లింగ్టన్ మాత్రం అది తమ సైన్యాలను కట్టడి చేస్తుందే తప్ప ఫ్రెంచి రాజును కాదని భావించాడు. తీర్పు చెప్పిన ప్రభువుల సభ (ఫ్రెంచి పార్లమెంటు ఎగువ సభ) న్యాయవాదుల వాదనను విననే లేదు. నాకైతే ఇది అన్యాయంగానే తోస్తోంది.

రాజు సంతకం చేయని ఒప్పందం, దాని ఫలితంగానే రాజధానికి తిరిగి వచ్చిన ఆ రాజుకు వర్తించదనడం నాటి యుద్ధ న్యాయం ప్రకారం చెల్లుతుందా? మొదట తనను విచారణకు పిలిచిన సైనిక న్యాయస్థానం విచారణాధికారాన్ని నే స్వయంగా ప్రశ్నించకుండా ఉంటే, అక్కడ న్యాయమూర్తులుగా ఉన్న పాత సహచరులు ఈ అధికరణాన్ని పరిగణించి ఉండేవారా? ఫ్రెంచి న్యాయచరిత్ర తెలిసినవారు దయచేసి వివరించగలరు.