నీలం రంగు అజురైట్ రాయి: ఇది రాగేనా, కాదా?

గులకరాయి:
ముదురు నీలం రాయి ఒకటి ఉంది, బరువు 42 గ్రాములు. చీటీ మీద "అజురైట్, రాగి ఖనిజం" అని రాసుంది. రాగి అయితే ఎర్రగా ఉండాలి కదా? మల్టీమీటర్ పెడితే కరెంటు అసలు పారడం లేదు. చాకుతో గీస్తే లేత నీలం పొడి రాలుతోంది. ఓ మూల ఆకుపచ్చ మచ్చలు కూడా ఉన్నాయి. రాగి పాత్రకి పట్టే చిలుమూ ఇదీ ఒకటేనా? కరిగిస్తే రాగి వస్తుందా?

కొలిమితిత్తి:
ఇందులో రాగి ఉంది, కానీ ఇది రాగి కాదు. ఉప్పులో సోడియం ఉందని ఉప్పుని నీళ్లలో వేస్తే భగ్గుమనదు కదా, ఇదీ అంతే.

అజురైట్‌లో మూడు రాగి అయాన్లకి రెండు కార్బొనేట్లు, రెండు హైడ్రాక్సైడ్లు ఉంటాయి. బరువులో రాగి వాటా 55.3 శాతం. రాగి పరమాణువు ఒక్కొక్కటీ ఇక్కడ రెండేసి ఎలక్ట్రాన్లు వదులుకుని అయాన్‌గా ఉంది. లోహంలోనైతే ఎలక్ట్రాన్లు ముక్క అంతటా తిరుగుతుంటాయి, కరెంటు పారేది అందుకే. రాయిలో అవి ఎక్కడివక్కడ బిగుసుకుపోయి ఉన్నాయి. మీ మీటర్ చెప్పింది నిజమే.

రంగు సంగతీ దీనికి ముడిపడినదే. ఆ అయాన్ ఎరుపు, నారింజ కాంతిని మింగేస్తుంది, మన కంటికి నీలం మిగులుతుంది. లోహం అందుకు భిన్నంగా నీలం, ఆకుపచ్చ వైపు కాంతిని ఎక్కువ మింగుతుంది, అందుకే ఎర్రగా కనబడుతుంది.

ఒక తమాషా చూడండి. రాయి అంచుతో రాగి తీగని గీయండి, గీత తీగ మీదే పడుతుంది. అజురైట్ గట్టిదనం మోస్ కొలతలో (ఏది దేన్ని గీస్తుందో చూసి 1 నుంచి 10 దాకా ఇచ్చే అంకె) 3.5 నుంచి 4, రాగిది 3 లోపే. కానీ సుత్తితో కొడితే రాయి పొడి అయిపోతుంది, మెత్తటి రాగి మాత్రం రేకులా సాగుతుంది.

గీతపలక:
చీటీని నమ్మేముందు సాంద్రత, అంటే ఒక మిల్లీలీటరు రాయి ఎన్ని గ్రాములు తూగుతుందో చూసుకోండి, ఐదు నిమిషాల పని. డిజిటల్ త్రాసు మీద నీళ్ల గ్లాసు పెట్టి సున్నా చేయండి. రాయిని దారంతో కట్టి పూర్తిగా ముంచండి, అడుగుకీ గోడకీ తగలకూడదు. అప్పుడు త్రాసు చూపే గ్రాములే రాయి ఘనపరిమాణం, మిల్లీలీటర్లలో. 42 గ్రాముల రాయికి 11 చిల్లర వస్తే సాంద్రత 3.8 దగ్గర, అంటే అజురైట్‌కి సరిపోతుంది. అదే రాగి ముద్దయితే 4.7 మాత్రమే చూపాలి, దాని సాంద్రత 8.96. 15 దాటిందంటే లోపల వేరే రాయి ఎక్కువుందని, లేదా అసలు అజురైటే కాదని. ముంచాక అంటుకున్న గాలి బుడగల్ని వేలితో దులపండి, లెక్క తప్పేది ఎక్కువగా అక్కడే.

పొరబడేవి రెండు మూడున్నాయి. లాపిస్ లాజులి అనే నీలం రాయి గట్టిగా ఉంటుంది, చాకుకి అంత తేలిగ్గా లొంగదు, సాంద్రత 3 కూడా రాదు, అందులో రాగే లేదు. మైలుతుత్తం నీళ్లలో కరిగిపోతుంది, అజురైట్ కరగదు. రంగు వేసిన తెల్లరాళ్లయితే, అసిటోన్‌లో తడిపిన దూదితో రుద్దితే చాలాసార్లు రంగు దూదికి అంటుకుంటుంది.

ఆ ఆకుపచ్చ మచ్చలు మలకైట్ అయ్యుండాలి. అదీ రాగి కార్బొనేటే, అజురైట్ తేమ పట్టి కొంత కార్బన్ డయాక్సైడ్ వదిలితే అదే అవుతుంది. అజురైట్ పొడిని రంగుగా వాడిన పాత చిత్రాల్లో ఆకాశం పచ్చబడిన సందర్భాలకి ఇదీ ఒక కారణమంటారు. మామూలు గాలిలో నిలకడ మలకైట్‌దే. అందుకే పాత్రల మీద చిలుము సాధారణంగా పచ్చగా ఉంటుంది. చిలుములో కార్బొనేట్లే కాక, గాలిని బట్టి సల్ఫేట్లు, క్లోరైడ్లు కూడా ఉంటాయి. కాబట్టి అజురైటూ చిలుమూ చుట్టాలే తప్ప ఒకటి కాదు.

కొలిమితిత్తి:
రాగి ఉందని కళ్లారా చూడాలంటే కరిగించక్కర్లేదు, ఒక మేకు చాలు. రాయి మూల నుంచి శనగ గింజంత పొడి తీసి రెండు చెంచాల వెనిగర్‌లో వేయండి. సన్నగా బుడగలొస్తాయి. రాత్రంతా ఉంచితే నీరు నీలి పచ్చగా మారుతుంది. గరుకు కాగితంతో మెరిసేలా రుద్దిన ఇనుప మేకుని అందులో సగం ముంచండి. కొంతసేపటికి మునిగిన మేర ఎర్రటి పొర కడుతుంది. అది రాగి లోహం. ఇనుము తన ఎలక్ట్రాన్లు రాగి అయాన్లకిచ్చి తను నీళ్లలోకి దిగిపోయింది. జింకు పూత ఉన్న మేకు వాడితే ఎర్రపొరకి బదులు నల్లటి మడ్డి పడుతుంది, "రాగి లేదు" అని తేల్చేయకండి.

గీతపలక:
ఒక సవరణ. బుడగలొచ్చాయి కదా అని అజురైట్ అనుకోవద్దు, రాయి సందుల్లో కాల్సైట్ (సున్నపురాయిలో ఉండే ఖనిజం) ఉన్నా బుడగలొస్తాయి. తేల్చేది మేకే.

గులకరాయి:
మేకు ఎర్రబడింది! మరి కాలిస్తే?

కొలిమితిత్తి:
ఊరికే కాలిస్తే రాగి రాదు. 400 డిగ్రీల సెల్సియస్ దగ్గర కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరి పోయి నల్లటి రాగి ఆక్సైడ్ మిగులుతుంది. స్వచ్ఛమైన రాయి 100 గ్రాములకి 69 గ్రాముల నల్లపొడి. ముక్కలుగా వేడి చేస్తే లోపలి ఆవిరికి టప్పున చిట్లి కళ్లలో పడతాయి, పొడి చేసే వేయాలి, కళ్లద్దాలు తప్పనిసరి.

లోహం కావాలంటే ఆక్సిజన్‌ని లాగేయడానికి బొగ్గు ఉండాలి. లెక్క ప్రకారం 69 గ్రాముల ఆక్సైడ్‌కి 5.2 గ్రాముల కార్బన్ చాలు, కానీ మామూలు బొగ్గుపొడి రెట్టింపు వేయడం మంచిది. మూత పెట్టిన మట్టి మూసలో ఎర్రగా కాగనివ్వండి. కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది కాబట్టి ఆరుబయటే చేయాలి. చల్లారకముందే మూత తీశారా, ఎర్రటి పొడి గాలి తగిలి మళ్లీ నల్లబడుతుంది. ఎక్కువమంది చెడగొట్టుకునేది ఇక్కడే. చల్లారాక నీళ్లలో కడిగితే బొగ్గు నీళ్లతో కొట్టుకుపోతుంది, రాగి పొడి అడుగున నిలుస్తుంది. ముద్ద కావాలంటే 1085 డిగ్రీలు దాటాలి. 42 గ్రాముల రాయి పూర్తిగా అజురైటే అయినా 23 గ్రాములకి మించి రాదు.

నన్నడిగితే కాల్చొద్దు. మంచి స్ఫటికాలుంటే రాయిగానే దాని విలువ ఎక్కువ.

గీతపలక:
పొడి చేసేటప్పుడు తడిపి నూరండి, ఆ ధూళి పీల్చకూడదు. ఇంకోటి, మరీ మెత్తగా నూరితే నీలం వెలిసినట్టు పాలిపోతుంది. రంగు కోసం వాడేవాళ్లు కొంచెం గరుకుగానే ఆపేస్తారు.