పాత ల్యాప్‌టాప్‌ని విండోస్ 11కి ఇప్పుడే మార్చాలా, ఆగాలా?

నత్తనడక:
నాది 2018లో కొన్న ల్యాప్‌టాప్, ఐ5 ఎనిమిదో జనరేషన్ ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, లోపల ఇంకా ఆ తిరిగే హార్డ్ డిస్కే. ఆన్ చేసి మొహం కడుక్కుని వచ్చేసరికి డెస్క్‌టాప్ కనిపిస్తుంది, ఆ మాత్రానికి అలవాటు పడిపోయాను. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో సపోర్ట్ అయిపోయిందని తెలిసినప్పటి నుంచీ టెన్షన్. అప్‌డేట్ పేజీలో 11 రెడీ అని చూపిస్తూనే ఉంది, నేనే ప్రస్తుతానికి వద్దు అంటూ నెట్టుకొస్తున్నా. భయమల్లా స్కానర్ గురించే, పదేళ్ల పాతది, రోజూ పని దాంతోనే. బాగా నడుస్తున్నదాన్ని కెలకడం ఎందుకు అనిపిస్తుంది, కానీ బ్యాంకు పనులు కూడా ఇందులోనే. మీరైతే ఏం చేస్తారు?

స్క్రూడ్రైవర్:
బ్యాంకు పనులు ఇందులోనే అన్నారు కాబట్టి ఆగొద్దనే చెప్తానండీ. సపోర్ట్ పోయిందంటే సిస్టమ్ ఆగిపోదు, కొత్తగా బయటపడే లోపాలకు ప్యాచ్ రాదు, అంతే. కానీ 10లోనూ 11లోనూ చాలా కోడ్ ఒకటే, 11లో ఏ కన్నం పూడ్చారో చూసి అదే 10లో ఉందేమో వెతకడం దొంగకి తేలిక. ఇళ్లలో వాడేవాళ్లకి ఈఎస్‌యూ అని అదనపు అప్‌డేట్ల పథకం ఒకటి ప్రకటించారు, అందులో చేరితే 2026 అక్టోబర్ 13 దాకా సెక్యూరిటీ ప్యాచ్‌లు వస్తాయి. అది గడువు పొడిగింపే గానీ పరిష్కారం కాదు.

ఆ హార్డ్ డిస్క్ మీద మాత్రం 11 వేయకండి. టాస్క్ మేనేజర్‌లో డిస్క్ 100 శాతం దగ్గర కూర్చుంటుంది, విసుగొచ్చి తప్పంతా విండోస్‌దే అనుకుంటారు.

కాలినచెయ్యి:
నేనైతే తొందరపడొద్దంటాను. ఆదివారం రాత్రి ఫార్మాట్ కొట్టి ఫ్రెష్‌గా 11 వేశాను, సోమవారం పొద్దున్నే ఫైళ్లు స్కాన్ చేసి పంపాలి. డివైస్ మేనేజర్ తెరిస్తే స్కానర్ పేరు పక్కన పసుపు త్రికోణం. తయారు చేసినవాళ్ల సైట్‌లో ఆ మోడల్‌కి కొత్త డ్రైవర్, అంటే స్కానర్‌ని విండోస్‌తో కలిపే సాఫ్ట్‌వేర్, లేదు. ఫార్మాట్ చేశాను కదా, వెనక్కి పోయే దారీ లేదు. చివరికి పేజీ పేజీ ఫోన్‌తో ఫొటోలు తీసి పంపాను, అవతలివాళ్లు ఏమనుకున్నారో అడగలేదు.

అర్ధరాత్రిడీబగ్:
అది బహుశా మెమరీ ఇంటిగ్రిటీ అనే విండోస్ రక్షణ సెట్టింగ్ పని. 11ని ఫ్రెష్‌గా వేస్తే మామూలుగా అది తనంతట తనే ఆన్ అవుతుంది, పాత డ్రైవర్లు కొన్నిటిని లోడ్ కానివ్వదు.

నత్తనడక గారూ, దీన్ని మీరు 10లో ఉండగానే చూసుకోవచ్చు. విండోస్ సెక్యూరిటీలో డివైస్ సెక్యూరిటీ, అందులో కోర్ ఐసోలేషన్. అక్కడ మెమరీ ఇంటిగ్రిటీ ఆన్ చేయబోతే, పడని డ్రైవర్లుంటే వాటి పేర్లు చూపిస్తుంది. మీ స్కానర్ అందులో లేకపోతే సగం భయం పోయినట్టే, 10లో నడిచే డ్రైవర్ చాలావరకు 11లోనూ నడుస్తుంది.

ఇక స్క్రూడ్రైవర్ గారు డిస్క్ సంగతి ఎత్తారు గానీ అసలు లాభం చెప్పలేదు. ఎస్‌ఎస్‌డీ, అంటే తిరిగే భాగాలు లేని వేగమైన డిస్క్, కొని పాత డిస్క్‌ని దాంట్లోకి క్లోన్ చేయండి, అంటే ఉన్నదున్నట్టు కాపీ; దానికి క్లోనెజిల్లా అనే సాఫ్ట్‌వేర్ ఉచితమే. ఎస్‌ఎస్‌డీ బిగించి 10 సరిగ్గా బూట్ అవుతోందని చూశాక, అప్పుడు 11కి వెళ్లండి. పాత డిస్క్‌ని ముట్టుకోకుండా బీరువాలో పడేయండి. స్కానర్ మొండికేస్తే స్క్రూలు విప్పి పాత డిస్క్ పెట్టుకుంటే నిన్నటి సిస్టమ్ నిన్నటిలాగే ఉంటుంది. సెట్టింగ్స్‌లో గో బ్యాక్ ఉంది కదా అనుకోకండి, దానికి గడువు పది రోజులే, ఈలోపు జాగా కోసం పాత విండోస్ ఫైళ్లు తుడిచేస్తే అదీ ఉండదు. డిస్క్‌కి తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే ముందే రికవరీ కీ కాగితం మీద రాసుకోండి.

మూలపడ్డపెట్టె:
నాది ఏడో జనరేషన్, 11 రెడీ అని ఎప్పుడూ రాలేదు. నాకేంటి దారి?

స్క్రూడ్రైవర్:
ఒకటీ అరా తప్పిస్తే ఏడో జనరేషన్‌వి 11కి పనికొచ్చే ప్రాసెసర్ల లిస్టులో లేవండి. ఈఎస్‌యూ ఉన్నన్నాళ్లు వాడండి, ఈలోపు విండోస్ బదులు వాడుకునే ఉచిత సిస్టమ్ లినక్స్ మింట్‌ని పెన్‌డ్రైవ్ నుంచే నడిపి చూడండి, డిస్క్‌లో ఏమీ మారదు.

నత్తనడక:
మెమరీ ఇంటిగ్రిటీ చూశాను, స్కానర్ పేరు లేదు, ఎప్పుడో తీసేసిన వెబ్‌క్యామ్ డ్రైవర్ ఒకటే ఉంది. శనివారం క్లోన్ పెడుతున్నా. కింది మూతకి పది స్క్రూలు తీసినా రాలేదు, పదకొండోది రబ్బరు కాలి కింద దాక్కుంది.