అప్‌డేట్: వంటగట్టు మీద ఏఆర్ ఆట ఇప్పుడు కదలకుండా నిలుస్తోంది

గట్టు తుడవడాన్ని పిల్లలకు ఆటగా మార్చే ఏఆర్ (కెమెరాలో కనిపించే దృశ్యం మీద బొమ్మలు కలిపి చూపించే) యాప్‌లో, ఫోను తెరపై కనిపించే మరకలు గట్టు వదిలి గాల్లోకి జారిపోతున్నాయని ఇక్కడ అడిగాను. సమస్య తీరింది, సలహాలిచ్చిన అందరికీ ధన్యవాదాలు.

పనిచేసింది గళ్ల తువ్వాలు చిట్కా. యాప్ కెమెరాలో కనిపించే చుక్కలు, అంచుల వంటి గుర్తులను పట్టుకొని ఉపరితలం ఎక్కడుందో లెక్కగడుతుంది. మా నల్ల గ్రానైట్ అద్దంలా మెరుస్తుంది. అందులో ట్యూబులైటు ప్రతిబింబం ఫోనుతో పాటే కదలడంతో ఆ లెక్క తప్పుతోంది. గట్టు చివర, కదలని గుర్తులుగా పనికొచ్చే ఆ గళ్ల తువ్వాలు పరిచి, ఆటకు ముందు ఫోనును దాని మీదుగా మెల్లగా అటూ ఇటూ తిప్పితే చాలు. యాప్‌ను మళ్లీ ఇన్‌స్టాల్ చేసినా, నెట్ వేగం పెంచినా తేడా రాలేదు.

ఎండిన పప్పు చారలను కూడా మా అమ్మాయి వదలడం లేదు! పొయ్యి వెలుగుతున్నప్పుడు మాత్రం ఆడనివ్వకండి, వాళ్ల చూపంతా తెర మీదే ఉంటుంది.