చలికాలం వెలుతురులో రేస్ ఫోటోలు: ఐఎస్‌ఓ పెంచాలా, షట్టర్ తగ్గించాలా?

పిట్‌లేన్_పవన్:
అందరికీ నమస్తే. నేనుండేది లండన్‌కి దక్షిణాన. జనవరిలో కెంట్‌లోని బ్రాండ్స్ హ్యాచ్‌లో జరిగే వింటర్ స్టేజెస్ ర్యాలీకి మొదటిసారి కెమెరా పట్టుకుని వెళ్లా. ఇక్కడ ఆ రోజుల్లో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు 16 డిగ్రీల ఎత్తు దగ్గరే ఉంటాడు, నాలుగూ పదికల్లా కుంకిపోతాడు, దానికి తోడు ఆ రోజంతా మబ్బే. మూడున్నరకి డ్రూయిడ్స్ మలుపు దగ్గర నా 100-400 జూమ్ లెన్స్ ఎఫ్ 5.6లో (ఎఫ్ నంబరు తగ్గేకొద్దీ లెన్స్ ఎక్కువ వెలుతురు లోపలికి వదులుతుంది), షట్టర్ 1/500 (సెకనులో అయిదొందల వంతు) పెడితే ఐఎస్‌ఓ, అంటే వెలుతురుకి సెన్సార్ సున్నితత్వం, 6400 కొట్టింది, అది పెరిగేకొద్దీ ఫోటోలో గింజలు (నాయిస్) పడతాయి కదా. 1/60కి దిగితే 800తో సరిపోయింది కానీ పది తీస్తే తొమ్మిది అలికేసినట్టు వచ్చాయి. మీరైతే ఏం చేస్తారు?

మూడోగేర్_మూర్తి:
పవన్, పదిలో ఒకటి వచ్చిందంటే నువ్వు దారిలోనే ఉన్నావు, ఆ ఒక్కటీ చూసుకో, మిగతా తొమ్మిదింటి గురించి బాధపడకు. నేను ఫిల్మ్ రోజుల్లో డిసెంబర్లో చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టై ట్రాక్‌లో ఈశాన్య రుతుపవనాల మబ్బు కింద తీసినవాణ్ని, 400 ఫిల్మ్‌ని 1600కి పుష్ చేసి, అంటే 1600 ఫిల్మ్ అనుకుని తీసి, ఎక్కువసేపు కడిగించేవాళ్లం, గింజలు ఆవాలంత ఉండేవి. వెలుతురు లేకపోతే షట్టర్ తగ్గించు, కాళ్లు కదపకుండా నడుము నుంచి తిరుగు, కారు నీ ముందుకి రాకముందే తిరగడం మొదలుపెట్టు, నొక్కాక కూడా ఆగకు. ఇలా కారుతోపాటే కెమెరా తిప్పడాన్నే ప్యానింగ్ అంటారు. లెన్స్‌లో వణుకు తగ్గించే స్టెబిలైజర్ ఉంటే ప్యానింగ్ మోడ్‌కి మార్చు, లేకపోతే అది నీ చేతికి అడ్డం పడుతుంది. 1/1000లో తీస్తే చక్రం మీద ప్రతి బోల్టూ లెక్కపెట్టుకోవచ్చు, కానీ కారు షెడ్డులో పెట్టినట్టుంటుంది. అది రేస్ ఫోటో కాదు.

రమ్య_యార్క్‌షైర్:
మూర్తిగారూ, 1/1000 అని ఎవరన్నారండీ, పవన్ గారు చెప్పింది 1/500. గంటకి 100 కిలోమీటర్లలో పోయే కారు 1/500లో అయిదున్నర సెంటీమీటర్లు కదులుతుంది, కెమెరా కొంచెం తిప్పినా బండి నిలబడుతుంది, చక్రం కూడా పది డిగ్రీలు తిరుగుతుంది కాబట్టి కాస్త చెదిరినట్టే కనిపిస్తుంది. 1/60లో అదే కారు దాదాపు అర మీటరు పోతుంది. పక్కనుంచి వెళ్తే సరే, మలుపులోంచి ఎదురుగా ఏటవాలుగా వచ్చే కారుని ప్యాన్ చేస్తే ముక్కు షార్ప్, తోక బ్లర్, ఎందుకంటే రెండూ ఒకే వేగంతో ఫ్రేమ్‌లో కదలవు. డ్రూయిడ్స్ లాంటి హెయిర్‌పిన్‌లో (వెనక్కి తిరిగిపోయే యూ మలుపులో) అదే గొడవ. నా మాట: 6400 పెట్టండి, అవసరమైతే 12800, రా ఫైల్ (కెమెరా మార్చకుండా దాచే అసలు ఫైల్) తీయండి, ఇంటికొచ్చి కంప్యూటర్‌లో గింజలు తుడిచే ఏఐ డీనాయిస్ కొట్టండి. ఇప్పటి సెన్సార్లకి ఇది లెక్కలోది కాదు.

గోదారిగట్టు:
హెడ్‌లైట్లు వేసుకొచ్చే కార్లకి ఆటో ఎక్స్‌పోజర్ నమ్మకండి, ఆ వెలుతురు చూసి మీటర్ మోసపోయి కారంతా నల్లగా వస్తుంది. మాన్యువల్‌లో పెట్టుకోండి.

నెల్లూరు_నిఖిల్:
ఎఫ్ 2.8 లెన్స్ ఒక రోజుకి అద్దెకి తీసుకోండి బ్రో, రెండు స్టాపులు, అంటే నాలుగింతల వెలుతురు, మిగులుతాయి, 6400 కాస్తా 1600 అవుతుంది.

మూడోగేర్_మూర్తి:
రమ్యా, డిగ్రీల లెక్కలు బాగానే ఉన్నాయమ్మా, పది డిగ్రీలు తిరిగిన చక్రం చూసేవాడికి ఆగిన చక్రంలాగే ఉంటుంది, అంతే. 1/60లో ఎనభై తొంభై డిగ్రీలు తిరుగుతుంది, అప్పుడు కదా స్పోక్‌లు కరిగి పళ్లెంలా కనిపించేది.

రమ్య_యార్క్‌షైర్:
మళ్లీ చక్రం దగ్గరికే వచ్చారు. ఫోటోలో చక్రం ఒక్కటే ఉంటుందా అండీ? నా సంగతి చెప్తా. మా ఊరి కెమెరా క్లబ్‌లో పోటీకి ఒక ఫోటో పెట్టా, వానలో హెడ్‌లైట్లతో ఫోర్డ్ ఎస్కార్ట్ మార్క్ 2 ర్యాలీ కారు, డ్రైవర్ కళ్లు మలుపు లోపలికి చూస్తున్నాయి, వేళ్లు స్టీరింగ్ మీద తెల్లబడి ఉన్నాయి. జడ్జి రెండు సెకన్లు చూసి "కారు కదలట్లేదు" అని పక్కన పెట్టేశాడు. ఆ చూపు తీయడానికి నేను మూడు గంటలు తడిశాను, బ్యాటరీలు లోపలి జేబులో వెచ్చగా పెట్టుకుని మార్చి మార్చి వాడాను. మీరు మాట్లాడుతుంటే నాకు ఆ జడ్జి గొంతే వినిపిస్తోంది.

మూడోగేర్_మూర్తి:
ఆ జడ్జిని నా నెత్తిన రుద్దకు. నాకూ ఒక బాధ ఉంది. ఇరవై ఏళ్లు చెయ్యి కాల్చుకుని నేర్చుకున్న ప్యానింగ్, ఇవాళ ఒకడు బటన్ నొక్కి కంప్యూటర్‌లో వెనకాల బ్లర్ పూసి నా ఫోటో పక్కన పెడితే లైకులు వాడికే ఎక్కువ. నాకు తెలిసిన పత్రికవాళ్లు కూడా అదే వేసుకున్నారు. దాన్ని ఫోటోగ్రఫీ అనకండి, నేను ఒప్పుకోను.

రమ్య_యార్క్‌షైర్:
బ్లర్ పూసింది నేను కాదు కదా! నేను చేసేది నాయిస్ తీయడం, అంతే. దానికీ దీనికీ ముడిపెట్టి కొత్తవాళ్లని భయపెట్టకండి.

గోదారిగట్టు:
ఇద్దరూ శాంతించండి, పాపం పవన్ ఒక ప్రశ్న అడిగాడు.

పిట్‌లేన్_పవన్:
రమ్య గారూ, ఒక విషయం. మీరు చెప్పినట్టే 6400లో తీసినదానికి డీనాయిస్ ఫుల్లుగా కొట్టా. బాడీ అద్దంలా వచ్చింది. కానీ వెనక పక్కద్దం (పక్క కిటికీ అద్దం) మీద డ్రైవర్, కోడ్రైవర్ పేర్లు అంటిస్తారు కదా, వాటి కింద చిన్న అక్షరాల్లో చేత్తో కత్తిరించి అంటించిన ఇంకో పేరుంది. ఒరిజినల్‌లో గింజల మధ్య ఎలాగోలా చదవొచ్చు. డీనాయిస్ చేశాక అవి అక్షరాల్లా ఉన్నాయి కానీ ఏ భాషా కాదు. ఆ రోజు సాయంత్రం ప్యాడక్‌లో (కార్లు నిలిపే చోట) ఆ డ్రైవర్‌ని అడిగితే, అది వాళ్ల నాన్న పేరట, ఆ కారు ఆయన కట్టిందట. ఫోటో పంపమన్నాడు.

మూడోగేర్_మూర్తి:
చూశావా. నేను చెప్పలేకపోయింది అదే. లేని అక్షరాన్ని మెషీన్ రాసింది.

రమ్య_యార్క్‌షైర్:
ఇది చదివి కాసేపు కూర్చుండిపోయా. గత సీజన్‌లో అమ్మిన వాటిలో రెండు తెరిచి చూశా, ఒకదాంట్లో కోడ్రైవర్ పేరు సగం అలాగే అయిపోయింది, ఎవరూ అడగలేదు, నేనూ చూసుకోలేదు. పవన్ గారూ, డీనాయిస్ పావు వంతుకి తగ్గించండి, అద్దం ఉన్న భాగానికి మాస్క్ వేసి అసలు కొట్టకండి, అక్కడ గింజలు ఉండనివ్వండి.

కానీ మూర్తిగారూ, ఒకటి చెప్పాలి. నేను అమ్మేది క్లబ్ డ్రైవర్లకి. వారమంతా గ్యారేజీలోనో ఆఫీసులోనో పనిచేసి సొంత డబ్బుతో టైర్లు కొనుక్కుని వచ్చేవాళ్లు. వాళ్లు అడిగేది తమ కారు, నంబరు, స్టిక్కర్లు, తమ ముఖం. స్పోక్‌లు కరిగిన ఫోటో చూపిస్తే బాగుందంటారు, కొనేది మాత్రం రెండోది. మీ ఫోటో మీ కోసం. నా ఫోటో వాళ్ల గోడ కోసం. మనం కొట్టుకుంటున్నది షట్టర్ గురించి కాదండీ.

మూడోగేర్_మూర్తి:
నిజమే, నేను ఎవరి గోడ కోసమూ తీయలేదు. డబ్బుకి తీసేవాళ్లని తక్కువ చేశాననిపిస్తే ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా. కానీ ఆ అబ్బాయి గోడ మీద వాళ్ల నాన్న కట్టిన కారు పరిగెడుతున్నట్టు ఉండాలా, నిలబడినట్టు ఉండాలా అంటే నా జవాబు మారదు. బాగా ప్యాన్ చేస్తే పక్కద్దం మీద పేరు కూడా చదవొచ్చు, కారు సరిగ్గా పక్క నుంచి పోయే చోటు వెతుక్కోవాలి. హెయిర్‌పిన్ వదిలేసి స్ట్రెయిట్ దగ్గరికి వెళ్లు పవన్. 1/60కి ఒక్కసారిగా దూకకు, 1/250లో మొదలుపెట్టి 1/160, 1/100 అలా దిగు.

రమ్య_యార్క్‌షైర్:
స్ట్రెయిట్‌లో డ్రైవర్ ముఖం కనిపించదు. అక్కడ నేను ఒప్పుకోను. 1/250 దగ్గర మాత్రం నాకూ అభ్యంతరం లేదు.

గోదారిగట్టు:
చలిలోంచి నేరుగా హీటర్ వేసిన కార్లోకి కెమెరాని బ్యాగ్‌లో పెట్టకుండా తీసుకెళ్లకండి, లెన్స్ లోపల కూడా తేమ పడుతుంది. బ్యాగ్ జిప్ వేసి అలాగే ఉంచండి.

పిట్‌లేన్_పవన్:
రాత్రి కూర్చుని మళ్లీ చేశా. పక్కద్దం దగ్గర గింజలు అలాగే ఉంచి, మిగతా చోట్ల కొద్దిగా తీసి ఆ డ్రైవర్‌కి పంపా. దాంతోపాటు 1/60లో వచ్చిన ఆ ఒక్కటీ పంపా, అందులో పేరు చదవలేం కానీ కారు ఎగిరిపోతున్నట్టుంది. పొద్దున జవాబొచ్చింది, రెండూ ప్రింట్ చేయిస్తాడట. పేరున్నది అమ్మకిస్తాడట, ఇంకోటి గ్యారేజీలో పెట్టుకుంటాడట.