ఖిలా వరంగల్‌లో పాత ఇల్లు కొనొచ్చా? తెలిసినోళ్లు చెప్పండి

అన్నలూ, అక్కలూ, ఖిలా వరంగల్‌లో రాతికోట లోపల ఒక పాత పెంకుటిల్లు అమ్మకానికొచ్చింది. మూరెడు మందం మట్టిగోడలు, టేకు దూలాలు, డంగుసున్నం (గానుగలో రుబ్బిన సున్నం) గచ్చు. వెనక అర్ర మాత్రం కూలింది, రెండు దూలాలకు చెదలు పట్టినయి. మా ఆయన మనసు హన్మకొండ ఫ్లాటు మీద. నాకేమో పొద్దున్నే కీర్తి తోరణాల దాకా నడిచిరావచ్చన్న ఆశ.

అసలు భయం పర్మిషన్లది. కోట కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది. పాత కట్టడాల రక్షణ చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం రక్షిత కట్టడానికి 100 మీటర్ల లోపల కొత్త కట్టుబడి నిషేధం, ఆ తర్వాతి 200 మీటర్లలో అనుమతి ఉంటేనే. ఉన్న ఇంటికి రిపేరు చేయించాలన్నా దరఖాస్తు పెట్టాల్సిందే. మరి కూలిన అర్రను మళ్లీ లేపితే రిపేరు అంటరా, కొత్త కట్టుబడి అంటరా? ఇక్కడ ఎవరన్నా దరఖాస్తు పెట్టిండ్రా, ఎన్ని నెలలు పట్టింది? దూరం కొలిచేది రాతికోట గోడ నుంచా, మట్టికోట నుంచా?

కాగితాల సంగతి ఇంకోటి. అమ్మేది నలుగురు అన్నదమ్ములు, ఒకాయన దుబాయిలో. చేతిలో ఉన్నవి తాత పేరు మీది ఇంటిపన్ను రసీదులే, రిజిస్ట్రీ లేదు. అయినా వచ్చే వారమే బయానా ఇయ్యమంటున్నరు!

మా సుతారి సిమెంటు పూసేద్దాం అంటడు. మట్టిగోడకు సిమెంటు పూస్తే తేమ బయటికి పోక పెచ్చులూడుతదని మా నాయన. డంగుసున్నం పని తెలిసిన సుతారి వరంగల్, జనగామ దిక్కు ఉంటే చెప్పండి.