అప్‌డేట్: గేమింగ్ కీబోర్డులో లేయర్ మారని సమస్య తీరింది

తమ్ముడి గేములకు ఒక లేయర్ (ఏ మీట ఏం చేయాలో చెప్పే అమరిక), నా తెలుగు టైపింగ్‌కు ఇంకొకటి పెట్టుకుంటే ఒక్క మీటతో మారడం లేదని పోయిన నెల అడిగాను. సలహా ఇచ్చిన అందరికీ చాలా థాంక్స్.

కీబోర్డు వెనకున్న మ్యాక్/విండోస్ స్విచ్ చూడమని ఒకరు రాశారు కదా, అసలు సంగతి అదే. నా కీబోర్డులో మ్యాక్‌కు 0, 1 లేయర్లు, విండోస్‌కు 2, 3. నేను వయా యాప్‌లో (మీటల పనులు మార్చే యాప్) గేమ్ అమరికను 1లో పెట్టి, ఒక మీటకు టీజీ(1), అంటే 1వ లేయర్‌ను ఆన్/ఆఫ్ చేసే ఆదేశం, ఇచ్చాను. స్విచ్ విండోస్ వైపుంటే 2వ లేయర్ ఆన్‌లో ఉంటుంది. పై (ఎక్కువ నంబరున్న) లేయర్‌దే ముందు మాట కాబట్టి, కింద 1 ఆన్ అయినా పని చేయదు. రెండు వారాలు ఇది తెలియక ఎంత టెన్షన్ పడ్డానో!

గేమ్ అమరికను 3కి మార్చి, 2వ లేయర్‌లో ఒక మీటకు టీజీ(3) ఇచ్చాను. 3లో అదే మీటను ఖాళీ త్రికోణం గుర్తుతో (కింది లేయర్‌లోని పనే చేయమని అర్థం) వదిలేయాలి, దానికి వేరే పని ఇస్తే వెనక్కి రాలేం. 3లో విండోస్ మీటను తీసేశాను, ఆట మధ్యలో స్టార్ట్ మెనూ రావడం ఆగింది. అంతకుముందు 3లో ఉన్న, ఎఫ్ఎన్ మీటతో కలిపి నొక్కితే వచ్చే పనులు పోతాయి, కావలసినవి రాసి పెట్టుకోండి.

కేబుల్ మార్చడం, ఫర్మ్‌వేర్ (కీబోర్డు లోపలి సాఫ్ట్‌వేర్) మళ్లీ ఎక్కించడం అనవసరం. తిరుపతిలో షాపులో చూపించినా హార్డ్‌వేర్ బాగానే ఉందన్నారు. తెలుగు అక్షరాలకు కీబోర్డులో ఏమీ మార్చక్కర్లేదు, అవి విండోస్‌లోని ఇన్‌స్క్రిప్ట్ (తెలుగు టైపింగ్ లేఅవుట్) నుంచే వస్తాయి.